సన్నబడిన చేతులు

మా ఆడబిడ్డ తన ఇంటి ముందు గదిలోనే బ్యూటీ పార్లరు నడుపుతుంది. గోడ నిండా ఒకటే అద్దం, దాని ముందు రెండు కుర్చీలు, తల కడగడానికి వెనక్కి వాలే కుర్చీ ఇంకొకటి. మా ఆయన పోయాక, "ఒక్కదానివీ అక్కడేం చేస్తావు వదినా, రా, నాకూ చేతిసాయం ఉంటుంది" అని తనే వచ్చి నా పెట్టె మోసుకుపోయింది. ఆమె భర్త దూరాలకు లారీ తోలుతాడు. నెలలో సగం రోజులు ఇంట్లో మేమిద్దరమే.

పని విషయంలో ఆమెకు ఒక పట్టింపు ఉంది. కొత్త క్రీము వచ్చినా, జుట్టు రంగు వచ్చినా, ముందు తన మోచేతి లోపలి వైపు కాస్త రాసుకుని మర్నాటి దాకా ఆగుతుంది. అక్కడ ఎర్రబడిందా, ఆ డబ్బా చెత్తబుట్టలోకే. తెల్లబడే క్రీము రాయమని ఎవరైనా అడిగితే, "నీ ముఖమేమన్నా గోడా, సున్నం కొట్టడానికి?" అనేది. శనగపిండి, పెరుగు, కలబంద గుజ్జు, ఇవే ఆమె సరంజామా. నమ్మకంగా చేస్తుందని నాలుగు వీధుల అవతల నుంచి కూడా వచ్చేవాళ్లు.

ఆమె మాత్రం మొదటినుంచీ ఒళ్లున్న మనిషి. వచ్చినవాళ్లు ఊరుకునేవాళ్లు కాదు. కనుబొమలు తీయించుకోవడానికి వచ్చే బ్యాంకు మేడమ్ అయితే కళ్లు మూసుకుని కూర్చునే అనేది: "అందరికీ అందం పంచిపెట్టి, ఒళ్లంతా నీకే మిగుల్చుకున్నావు తల్లీ."

"మీ కోసమే మేడమ్. నా పక్కన నిలబడితే మీరు ఇంకా సన్నగా కనిపిస్తారు కదా" అని మా ఆడబిడ్డ అందరికంటే గట్టిగా నవ్వేది. పార్లరు మూశాక దీపం ఆర్పబోయే ముందు అద్దంలో పక్కకు తిరిగి చూసుకునేది. నేను చూస్తున్నానని తెలిస్తే జుట్టు ఊడుస్తున్నట్టు చీపురు అందుకునేది.

డాక్టరు దగ్గరికి వెళ్లడం మానేసి చాలా కాలమైంది. మోకాళ్ల నొప్పులని వెళ్తే బరువు తగ్గమన్నారు. దగ్గని వెళ్తే బరువు తగ్గమన్నారు.

"వేలు తెగి రక్తం కారుతూ వెళ్లినా అదే అంటారు వదినా. నా ముఖం చూడకముందే నా నడుం చూస్తారు. వాళ్ల దగ్గర ఉన్నది ఆ ఒక్క మందే."

అందుకని తన మందు తనే చేసుకుంది. మెంతులు, జీలకర్ర, సొంటి, ఇంకా ఏవో ఎండబెట్టిన ఆకులు వేయించి పొడి కొట్టి, పొద్దున్నే వేడినీళ్లలో కలుపుకుని తాగడం మొదలుపెట్టింది. వేసవి దాటేసరికి ఫలితం కనిపించింది. ముందు బుగ్గలు లోపలికి పోయాయి. తర్వాత చేతులు. జబ్బల దగ్గర బిగుతుగా ఉండే జాకెట్టు వదులై, చేతులు ఎత్తినప్పుడల్లా జారేది.

పార్లరులో ఇక వేరే మాటే లేదు. "ఏం చేశావు? చెప్పు, మాకూ చెప్పు" అని ఒకటే అడగడం. ఆమె దాచుకునే మనిషి కాదు. పొడి ఎక్కువగా కొట్టి గాజు సీసాలో పోసి అద్దం ముందే పెట్టింది. తల కడిగించుకున్నవాళ్లకు ఒక గ్లాసు కలిపి ఇచ్చేది, అడిగినవాళ్లకు పొట్లం కట్టి ఇచ్చేది. వాళ్ల కళ్లముందు నిలబడి ఉన్న మనిషే రుజువు. ఇంకేం కావాలి?

రోజూ ఉదయం ఆమె పని కోటు వేసుకున్నాక వెనక తాళ్లు ముడి వేసేది నేను. ఆమె చేతులు వెనక్కి అందవు. అందరూ ఆమెను ఎదురుగా, కుర్చీలో కూర్చుని, తల పైకెత్తి చూసేవాళ్లు. నేను చూసేది వెనక నుంచి. మనిషి చిక్కుతుంటే తాళ్లు పొడుగ్గా మిగలాలి. మిగలడం లేదు. మొదట్లో పువ్వు ముడి వేసేదాన్ని. తర్వాత ఒట్టి ముడికే సరిపోయేవి. ఒకనాడు రెండు కొసలూ పట్టుకుని లాగినా ముడి పడలేదు. నా ముందున్న మెడ చూస్తే ఎముకలు తేలి ఉంది.

ఆ రోజు భోజనాల దగ్గర గమనించాను. నాలుగు ముద్దలు తిని కంచం జరిపేసింది.

"అదేం తిండే, పిట్ట కూడా అంతకంటే ఎక్కువ తింటుంది."

"కడుపు నిండిపోయింది వదినా. ఈ మధ్య ఇట్టే నిండిపోతోంది. పొడి పని చేస్తోంది."

"పొడి పని చేస్తే పొట్ట తగ్గాలి కదా. చేతులేమో పుల్లల్లా అయ్యాయి, పొట్ట పెరుగుతోంది. ఒకసారి డాక్టరుకు చూపించుకుందాం."

ఆమె చెయ్యి కడుక్కోవడానికి లేచి, కుళాయి దగ్గరే ఆగింది. "ఇన్నేళ్లకి నలుగురూ నన్ను బాగున్నావంటున్నారు. నీకెందుకు కళ్లు కుడుతున్నాయి?"

"నాకు కళ్లు కుట్టడం కాదమ్మాయ్. ముడి అందడం లేదు."

"అయితే రేపటినుంచి నువ్వు కట్టకు" అంది.

మర్నాడు తాళ్లు వేలాడుతుండగానే పని చేసింది. నేనూ పంతానికి పోయి ఊరుకున్నాను. ఒకే ఇంట్లో, ఒకే గదిలో పని చేసుకుంటూ, "దువ్వెన ఇవ్వు", "నీళ్లు కాగాయా" తప్ప మాటలు లేకుండా గడిపాము. ఆమె మెట్లెక్కుతూ మధ్యలో ఆగి గోడ పట్టుకోవడం చూస్తూనే ఉన్నాను. నోరు తెరిస్తే మళ్లీ ఆ మాటే అంటుందని భయం. తెరవకపోతే ఏమవుతుందోనని అంతకంటే ఎక్కువ భయం.

అలాంటి రోజుల్లో ఒక తల్లి తన కూతుర్ని తీసుకొచ్చింది. బడికి వెళ్లే పిల్ల. బొద్దుగా, ముద్దుగా ఉంది. తలెత్తి అద్దంలోకి చూడటం లేదు.

"బళ్లో పిల్లలు ఏడిపిస్తున్నారంట. అన్నం మానేసి కూర్చుంటోంది. మీ పొడి గురించి మా పక్కింటావిడ చెప్పింది" అంది తల్లి.

మా ఆడబిడ్డ సీసా మూత తీసి, పొట్లానికి కాగితం చింపుకుంది. చెంచా నిండా పొడి తీసింది.

అప్పుడు ఆ పిల్ల మొదటిసారి నోరు విప్పింది. "ఇది తాగితే ఆకలి వేయదా ఆంటీ?"

"ఊఁ, అంత వేయదు."

"మీకు అసలే వేయడం లేదా?"

"లేదమ్మా. రెండు ముద్దలకే చాలనిపిస్తుంది."

"నాకూ అట్లాగే అయిపోతుందా?" అంది ఆ పిల్ల. ముఖం వెలిగిపోయింది. మంచి బట్టలు కొనిపెడతామంటే పిల్లలు ఎలా చూస్తారో అలా చూసింది.

చెంచా గాల్లోనే ఆగింది. మా ఆడబిడ్డ ఆ పిల్లను చూసింది, తర్వాత అద్దంలో తనను చూసుకుంది. పొడిని మళ్లీ సీసాలోకి ఒంపి మూత పెట్టేసింది.

"ఏమైందండీ?" అంది తల్లి.

"ఏదైనా ముందు నా ఒంటి మీద చూసుకోకుండా ఎవరికీ పెట్టనమ్మా నేను. ఇది నా మీద ఇంకా చూడటం అవలేదు."

"అదేంటి, అందరికీ ఇచ్చారంట కదా?"

"ఇచ్చాను" అంది. "పాపకు ఆకలి వేయనీయండి. వేళకు అన్నం పెట్టండి. రా తల్లీ, కూర్చో, జడ వేస్తాను."

రెండు జడలు అల్లి, చివర్లు సమంగా కత్తిరించి పంపింది. తలుపు మూశాక కుర్చీలో కూలబడింది.

"వదినా, రేపు నాతో వస్తావా?"

"ఇప్పుడే పోదాం పద" అన్నాను.

లేడీ డాక్టరు పొట్ట మీద చెయ్యి పెట్టి, అక్కడా ఇక్కడా నొక్కి చూసి, బరువు ఊసెత్తకుండా స్కానింగుకు పంపింది. ఫలితం చూశాక మమ్మల్నిద్దర్నీ కూర్చోమంది. అండాశయంలో గడ్డ ఉందనీ, కడుపులో నీరు చేరిందనీ, మనిషి చిక్కిపోతున్నది అందుకేననీ చెప్పింది. ఆపరేషను చేయాలి, తీసిన గడ్డను పరీక్షకు పంపితే గానీ మిగతాది చెప్పలేమంది.

"నా పొడి వల్లేనా?" అని అడిగింది మా ఆడబిడ్డ. తన సంగతి కంటే అదే ముందు అడిగింది.

"దానివల్ల గడ్డ రాదమ్మా. దాన్ని నమ్ముకుని మీరు రావడం ఆలస్యమైంది, అంతే."

ఆసుపత్రిలో చేరే ముందు నన్ను ఒకటే కోరింది. పొట్లాలు తీసుకెళ్లిన ప్రతి ఇంటికీ వెళ్లి, ఉన్నది ఉన్నట్టు చెప్పి రమ్మంది. "వాళ్లు పొడిని చూసి తీసుకోలేదు వదినా, నన్ను చూసి తీసుకున్నారు. నేను చిక్కింది దేనివల్లో వాళ్లకు తెలియాలి."

వెళ్లాను. కొందరు గుమ్మంలోనే గుండె మీద చెయ్యి వేసుకున్నారు. ఒకావిడ పొట్లం తెచ్చి నా చేతిలో పెట్టి, ఎందుకో కళ్లు తుడుచుకుంది. ఇంకొకావిడ, "మీ ఆడబిడ్డకు దిష్టి తగిలింది, మా వదినకు మాత్రం బాగా పనిచేస్తోంది" అని తలుపు వేసేసుకుంది. నేను చెప్పేది చెప్పాను. తలుపు తెరిపించడం నా చేతిలో లేదు.

ఆపరేషను అయింది. గడ్డ తీసేశారు. అది మంచిది కాదని పరీక్షలో తేలింది. మందులు ఎక్కించాలి, చాలా కాలం పడుతుందన్నారు. నయమవుతుందా అని ఆమె భర్త అడిగితే, "గట్టిగానే ప్రయత్నిద్దాం" అన్నారు గానీ అవుననలేదు. ఆయన బయటికి వెళ్లి లారీ తాళాలు చేతిలో తిప్పుకుంటూ చాలాసేపు గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

వార్డులో కిటికీ పక్క మంచం దొరికింది. నాలుగో నాడు బ్యాంకు మేడమ్ చూడటానికి వచ్చింది. నేను ఆమె ఇంటికి వెళ్లినప్పుడు ఊళ్లో లేదు, పనిమనిషికి చెప్పి వచ్చాను. ఆ అమ్మాయి ఏం చెప్పిందో ఏమో. చేతిలో పళ్ల సంచితో మంచం దగ్గరికి వచ్చి, దుప్పటి మీద ఉన్న ఆ చేతుల్ని చూసి, ఎప్పటి అలవాటో, అనేసింది:

"ఏదో ఆపరేషనన్నారు గానీ, ఎంత సన్నబడ్డావు! బాగున్నావు."

నా ఒళ్లు మండిపోయింది. ఏదో అనబోయాను. మా ఆడబిడ్డ కళ్లతోనే నన్ను ఆపింది. మునుపైతే ఇలాంటి మాటకు ఒక ఛలోక్తి విసిరి, అందర్నీ నవ్వించి, తర్వాత ఒంటరిగా అద్దం దగ్గరికి వెళ్లేది. ఇప్పుడు నవ్వలేదు. లేవడానికి ప్రయత్నిస్తే వీపు కింద దిండు సర్దాను.

"బాగాలేను మేడమ్" అంది నిమ్మళంగా. "ఆ స్టూలు లాక్కుని కూర్చోండి. ఎందుకు బాగాలేనో చెప్తాను, పూర్తిగా వినండి."

మేడమ్ పళ్ల సంచి కింద పెట్టి, స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చుంది.