గడిచిన ఏడు రోజుల్లో ఒక గంట
ఒక్క గంట చేసినా పనిచేసినట్టే రాసుకోవాలంటే మరి నిన్న నేను పక్కింటి పాప గౌనుకి గుండీ కుట్టాను సార్, అదీ పనేనా అని శిక్షణ తరగతిలో వెనక బెంచీలోంచి ఎవరో అడిగితే అందరూ నవ్వారు, పాఠం చెప్పే పెద్దాయన మాత్రం నవ్వకుండా డబ్బులు తీసుకున్నావా అమ్మా, తీసుకుంటే పని, తీసుకోకపోతే పుణ్యం అన్నాడు, దాంతో ఇంకా నవ్వారు, ఆ నవ్వులు ఇప్పుడెందుకో గుర్తొచ్చి ఉపాధి సర్వే చేసే ఆవిడ మెట్ల మలుపులో ఆగి తనలో తనే నవ్వుకుంది, మోకాలు కూడా ఆగమంటోంది, ఈ భవనానికి లిఫ్ట్ ఉంది గానీ అందులో ఎవరో విరిగిన కుర్చీలు సర్దిపెట్టారు, మొదటిసారి వచ్చినప్పుడూ అవే కుర్చీలు, రెండోసారీ అవే, ఇది మూడోసారి, మూడు నెలలకోసారి చొప్పున ఏడాదిలో నాలుగుసార్లు అదే ఇంటికి వెళ్ళాలి, అప్పుడే మార్పు తెలుస్తుందట, చుట్టాలైనా ఇన్నిసార్లు రారమ్మా అని కిందటిసారి ఈ ఇంటావిడ అంటే వచ్చినా ఇన్ని ప్రశ్నలు అడగరు లెండి అని తను అంది, మంచి మనిషి, రెడీమేడ్ షాపుకి కాలర్లు కుడుతుంది, మాట్లాడుతూనే కుడుతుంది, ఆవిడ భర్త ప్రింటింగ్ ప్రెస్సులో మెషీన్ మీద ఉంటాడు, ఉంటాడనే రెండుసార్లూ రాసుకుంది, మరి ఇందాక గ్రంథాలయం మెట్లమీద ఒళ్ళో టిఫిన్ బాక్సు పెట్టుకుని కూర్చున్నది ఎవరు, ఆయనే, తన మెడలో కార్డు చూసి చప్పున మొహం తిప్పుకున్నాడు, గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, సెలవేమో, సెలవైతే మొహం తిప్పుకోవడం దేనికి, తనకెందుకు, చూసింది రాయకూడదు, చెప్పింది రాయాలి, అది నియమం.

పొద్దున తన ఇంటి మెట్లమీద ఎదురింటావిడ అడిగింది, మీ తమ్ముడికి ఏమైనా కుదిరిందా అని, ఎక్కడండీ, ఖాళీగానే ఉన్నాడు, వాడికే పట్టనట్టుంది అనేసింది తను, అన్నాక చూసింది, తమ్ముడు మంచినీళ్ళ క్యాను భుజాన పెట్టుకుని కింద మలుపులో నిలబడి ఉన్నాడు, విన్నాడో లేదో, జరుగక్కా అన్నాడు అంతే, క్యాను లోపల పెట్టి తువ్వాలుతో భుజం తుడుచుకున్నాడు, వాడు పనిచేసే కంపెనీ మూతపడి ఏడాది దాటింది, మొదట్లో రోజూ ఎక్కడికో వెళ్ళేవాడు, తర్వాత పొద్దున్నే వెళ్ళడం మానేశాడు, సర్వేలో మనుషుల్ని మూడు రకాలుగా విడదీస్తారు, పని ఉన్నవాళ్ళు, పని లేక వెతుక్కునేవాళ్ళు, పనీ లేక వెతుకులాటా లేనివాళ్ళు, ఈ మూడోవాళ్ళని నిరుద్యోగుల లెక్కలో కూడా కలపరు, లెక్కకి బయట ఉంటారు, తన తమ్ముడు బయటివాడే, ఇంట్లో ఉన్న బయటివాడు, ఛ, ఇదేం ఆలోచన, తలుపు కొట్టింది.

రండి రండి, మీకోసమే కుర్చీ మీది కాలర్ల గుట్ట తీశాను అంటూ కాలర్లావిడ కుర్చీ జరిపింది, గదంతా కొత్తగుడ్డ గంజివాసన, కిటికీలో తులసిలాంటి చిన్న మొక్కేదో, ఎంతమంది ఉంటున్నారు ఇంట్లో, ఇద్దరమే, మారుతుందా ఏంటి, అడగాలండీ, సరే అడగండి, మీరు గత ఏడు రోజుల్లో డబ్బు వచ్చే పని ఏదైనా, ఇదిగో చూస్తూనే ఉన్నారుగా, పొద్దుననగా కూర్చుంటే నడుం పట్టేస్తోంది, ఇంటిపనితో కలిపి చెప్పాలా విడిగా చెప్పాలా, విడిగా చెప్పండి, ఇంటిపని పనిగా రాయరు కదూ అని నవ్వింది ఆవిడ, వేరే సర్వేలో రాస్తారండీ అంది తను, అందరికీ చెప్పే జవాబే అయినా చెప్పిన ప్రతిసారీ కొంచెం సిగ్గేస్తుంది, మరి మీవారు, అని అడిగి ట్యాబ్ మీద వేలు ఆపింది, ఆవిడ కాలరు అంచు సరిచేస్తూ తలెత్తకుండా ప్రెస్సులోనే, రాసుకోండి, కిందటిసారిలాగే అంది, ఆ రాసుకోండిలో ఏదో ఉంది, నొక్కితే అయిపోతుంది, ఇంట్లో ఒకరు అందరి తరఫునా చెప్పొచ్చు, నియమం ఒప్పుకుంటుంది, అయినా వేలు కదలలేదు, కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుందంటారు, ఈవిడ దేన్నో కాళ్ళమీద పడకుండా పట్టుకుని కూర్చుంది, సరిగ్గా అప్పుడే తలుపు తోసుకుని ఆయన వచ్చాడు, ఒగరుస్తూ, టిఫిన్ బాక్సుతో సహా.

మీరు ఇటు రావడం చూశాను, నా సంగతి నేనే చెప్తాను అన్నాడు, ఆవిడ మెషీన్ ఆపింది, చక్రం తనంతట తను ఇంకో చుట్టు తిరిగి ఆగింది, ఇలాంటప్పుడు ప్రశ్న చదవడమొక్కటే తెలుసు తనకి, గొంతు మార్చకుండా, ఎవరినైనా అడిగినట్టే, గత ఏడు రోజుల్లో డబ్బు కోసం కనీసం ఒక గంటైనా పనిచేశారా అని చదివింది, ఆయన టిఫిన్ బాక్సు కింద పెట్టాడు, ఒక్క గంటా అన్నాడు, ఒక్క గంట చాలు సార్, ఎక్కడైనా, ఎవరి దగ్గరైనా, ఆయన భార్య వైపు చూడలేదు, గోడ వైపు చూస్తూ, బుధవారం పేపరు గోడౌన్‌లో లారీ దింపాను, రెండు మూడు గంటలు, చేతికి డబ్బులిచ్చారు, అది పనేనా అన్నాడు, పనే సార్, అయితే నేను పనిలో ఉన్నట్టేనా, ఉన్నట్టే, ఆయన కుర్చీలో కూలబడి తుండుగుడ్డతో మొహం తుడుచుకున్నాడు, తామంతా శిక్షణ క్లాసులో పగలబడి నవ్విన ఆ ఒక్క గంట ఈయన్ని ఒడ్డున పడేసినట్టుంది, ఎంత వింత, కానీ ప్రశ్నలు అక్కడితో అయిపోవు, తర్వాతది కూడా చదివింది, ఇంకా పని దొరికితే చేయడానికి సిద్ధంగా ఉన్నారా, ఎన్ని గంటలైనా చేస్తానమ్మా అన్నాడు ఆయన, ప్రెస్సులో కొత్త మెషీన్ వచ్చింది, దానికి ఒక్కడు చాలు, ఆ ఒక్కడు నేను కాదు, అప్పట్నుంచీ గ్రంథాలయంలో పేపర్లో ప్రకటనలు చదువుతున్నా, మధ్యాహ్నం షాపులవెంట తిరుగుతున్నా.

తెలుసు అంది ఆవిడ, ఆయన తలెత్తాడు, నెలల తరబడి మీ చొక్కాలు ఉతుకుతున్నా, ఒక్కదానికీ సిరా మరక లేదు, ఇదివరకు ఎంత రుద్దినా పోయేది కాదు, మరి అడగలేదేం అన్నాడాయన, అడిగితే మీ చేత అబద్ధం చెప్పించినట్టవుతుందని, నువ్వు అడిగితే చెప్దామనే రోజూ నీ పక్కన కూర్చుంటున్నా కదే, ఎదురుచూస్తున్నా, అన్నాడు, ఆవిడ లేచి టీ పెట్టడానికి వెళ్ళింది, ముగ్గురికీ, ముక్కు ఎగబీల్చడం పొయ్యి వెలిగించిన చప్పుడులో కలిసిపోయింది, తర్వాత ఖర్చుల ప్రశ్నలు, ఆదాయం ఎంతంటే ఎవరూ సరిగా చెప్పరు, ఖర్చు అడిగితే సంసారం తీరు దానంతటదే బయటపడుతుంది, నూనె, సబ్బు, మందులు, పేదరికాన్ని లెక్కగట్టేది వాటితోనే, బస్సు ఖర్చు అంటే ఆయన మొదటిసారి నవ్వాడు, బస్సెందుకమ్మా, మహారాజులా నడుస్తున్నా అన్నాడు, చెప్పులరిగిపోయిన మహారాజు అంది ఆవిడ లోపల్నుంచి, చెప్పులు కొనాలి రాసుకోండి, కొన్నాక రాస్తానండీ అంది తను, టీ బాగుంది.

మెట్లు దిగుతుంటే మోకాలి నొప్పి తెలియడం లేదు, ఆఫీసులో కూర్చున్నవాళ్ళకి ఈయన పని ఉన్న మనిషిగానే కనిపిస్తాడు, రెండో ప్రశ్న దాకా చదివినవాళ్ళకి పని చాలని మనిషిగా కనిపిస్తాడు, రెండూ అబద్ధం కాదు, ఎండ గోడల మీదికి ఎక్కింది, స్టాపులో బస్సు లేదు, ఒకే గదిలో పక్కపక్కన కూర్చుని అన్ని నెలలు మాట దాటేశారే, కాలర్లావిడ చెప్పిన జవాబే రాసుకుని వచ్చేసి ఉంటే ఆ ఇంట్లో ఏమీ కదిలేది కాదు, ఆయన పరిగెత్తుకొచ్చాడు, తన సంగతి తను చెప్పుకోవడానికి, అడిగేది ముక్కూమొహం తెలియని మనిషైనా సరే, అడిగితే చాలన్నట్టు వచ్చాడు, తమ్ముడు మధ్యాహ్నాలు ఎక్కడికి వెళ్తాడు, వెళ్తాడు కదా, సాయంత్రం కాళ్ళు కడుక్కునే లోపలికి వస్తాడు, ఆ మట్టి ఎక్కడిది, మొన్న అరచేతికి గుడ్డ కట్టుకుని ఉంటే ఏమైందిరా అని కూడా అనలేదే, వాడికే పట్టనట్టుందని ఎలా అంది తను, ఎవరు చెప్పారు, ఎవరూ చెప్పలేదు, ఎదురింటావిడకీ, ఆఫీసులో వాళ్ళకీ, ఫోన్ చేసిన ప్రతి చుట్టానికీ వాడి తరఫున ఏడాదిగా తనే జవాబు చెబుతోంది, బస్సు వచ్చింది, ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది, ఊళ్ళో అన్ని తలుపులూ కొట్టి అన్ని ప్రశ్నలు అడిగే మనిషి, తన ఇంట్లో వాణ్ణి మాత్రం ఒక్కటంటే ఒక్కటీ అడగలేదు.