తడి దుప్పట్లు

ఈ ఏడు పదకొండు చిక్కుడు మొక్కలే మొలిచాయి. ఇంట్లో ఇక గింజ లేదు. మా అత్తగారు ఇటలీలోని మొల్ఫెట్టా నుంచి ఓడలో వస్తూ తలగుడ్డ కొసన ముడేసుకుని తెచ్చిన విత్తనమది. ఇవి కాయకపోతే ఆ రకం అంతటితో సరి. అడిలైడ్‌లో ఉన్న ఆడపడుచుకు నాలుగు గింజలు పంపుదామని ఏటా మొత్తుకున్నాను. "మా అమ్మ ఇక్కడ నాటింది, ఇక్కడే కాయాలి" అంటాడు మా ఆయన మౌరో. మొండిఘటం.

మా ఊళ్ళో సీసం కరిగించే ఫ్యాక్టరీ పొగగొట్టం ఇళ్ళ నెత్తిమీదే ఉంటుంది. గాలి ఇటు తిరిగిందంటే గొంతులో గంధకం మంట. ఆకుల మీద తెల్లమచ్చలు పడతాయి, పూత రాలిపోతుంది. అందుకే బట్టల తీగకు ఒక గుడ్డపేలిక కట్టి దాని వంకే చూస్తూ బతుకుతాం. అది ఇటు ఊగగానే పాత దుప్పట్లు పట్టుకుని పెరట్లోకి పరుగు. నలభై ఏళ్ళుగా ఇదే పని. నాకు విసుగొచ్చేసింది.

ఆదివారం పొద్దున పేలిక తిరిగింది. కర్రలు పాతి, పూతకు తగలకుండా దుప్పట్లు కప్పి చర్చికి వెళ్ళాను. అక్కణ్ణుంచి పలకరింపులన్నీ ముగించుకుని వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. మౌరో పెరటి మెట్ల మీద కూర్చుని ఆయాసపడుతున్నాడు. చేతిలో నీళ్ళ గొట్టం. దుప్పట్లు తడిసి, బరువుకు మొక్కల మీద కూలబడి ఉన్నాయి.

తీసి చూశాను. ఆకులు ఉడికినట్టు తెల్లబడ్డాయి. పూత నల్లబడి దుప్పటికే అంటుకుని వచ్చింది. ఒక్క మొక్కా మిగల్లేదు.

"ఎంత పని చేశావయ్యా! ఎవరు తడపమన్నారు నిన్ను? కుదురుగా కూర్చోలేవూ?"

"అరవకే. నీకు సాయం చేద్దామని..." దగ్గు తెర ఆగేదాకా మాట రాలేదు. "ఫ్యాక్టరీలో కొలిమి దగ్గర గ్యాసు కొడితే మేం తడిగుడ్డే కదే ముక్కుకు కట్టుకునేది? పొడిగుడ్డకు ఏమాగుతుందని మా మేస్త్రీ తిట్టేవాడు."

"మేస్త్రీ మొహం! తడి గంధకాన్ని ఆపదయ్యా, పట్టి ఉంచుకుంటుంది. ఉంచుకుని అక్కడే కాలుస్తుంది."

మౌరో ఒక ఆకు తుంచి వేళ్ళ మధ్య నలిపాడు. ముద్దయి వేళ్ళకు అంటుకుంది.

"ఆ తడిగుడ్డ ముప్పై ఒక్క ఏళ్ళు ముక్కుకు కట్టుకున్నానే," అన్నాడు.

నా కోపం అక్కడికక్కడే చచ్చిపోయింది. తడి పట్టి ఉంచుకుని కాలుస్తుందని అన్నందుకు నన్ను నేనే తిట్టుకున్నాను. నీళ్ళ గొట్టం ఆయన చేతిలోంచి తీసి పక్కన పెట్టి, ఆయన పక్కన కూర్చున్నాను. చిక్కుళ్ళ సంగతి ఇద్దరం మళ్ళీ ఎత్తలేదు.