దొంగ ఏడాది

లాయరమ్మ నా కాయితాలు మూడోసారి తిరగేసి, కళ్ళజోడు నెత్తి మీదికి తోసుకుంది.

"మీ అమ్మాయికి పద్దెనిమిది నిండి నాలుగు నెలలైంది బాబాయ్. ఇక్కడి చట్టం ప్రకారం పిల్ల కాదు. తండ్రి పిలిస్తే రావడానికి కుదరదు."

"ఎక్కడ నిండాయమ్మా! ఇంకా ఎనిమిది నెలలుంది. కన్నవాణ్ణి, నాకు తెలీదా?"

"మీకు తెలిస్తే చాలదు. స్కూలు సర్టిఫికెట్, పాస్‌పోర్టు, మీరు ఈ దేశం వచ్చేటప్పుడు నింపిన ఫారం. మూడింట్లోనూ పద్దెనిమిదే."

లాండ్రీ కొట్టు మీది గదిలో మంగళవారాలు రెండు గంటలు ఉచితంగా సలహా చెబుతారు. కింద మిషన్లు తిరుగుతుంటే మా కుర్చీలు వణుకుతున్నాయి. ఆ గదికి టైల్స్ వేసినవాడెవడో గానీ, మూలన అరంగుళం ఎత్తు వదిలేశాడు. నేను టైల్స్ మేస్త్రీని. తొమ్మిదేళ్ళుగా ఊళ్ళోవాళ్ళ బాత్‌రూముల్లో మోకాళ్ళ మీద బతుకుతున్నాను. కుటుంబాన్ని పిలిపించుకునే హక్కు పోయిన నెలే వచ్చింది. పిలవడానికి మిగిలింది కూతురొక్కతే. దాని తల్లి రెండేళ్ళ కిందట పోయింది. పిల్ల మా చెల్లెలింట్లో ఉంటోంది. ఇల్లు ఇరుకని మా బావగారు దానికి పూటపూటా గుర్తు చేస్తున్నాడు.

మర్నాడు పనిలో ఈ సంగతి చెబితే, నాతోపాటు టైల్స్ కోసే బొంగురోడు నవ్వాడు.

"దానికేముంది అన్నా! బడివాళ్ళు తప్పు రాశారని చెప్పెయ్. పంతులు విమానమెక్కొచ్చి సాక్ష్యం చెబుతాడా?"

తర్వాతి మంగళవారం అదే చెప్పాను. పంతులు విమానమెక్కలేదు గానీ, లాయరమ్మ అడగ్గానే బడివాళ్ళు అడ్మిషన్ రిజిస్టరు ఫొటో తీసి పంపారు. ఆ పై వారం అది నా ముందు పెట్టింది.

"తండ్రి చెప్పిన వయసు అని రాసుంది. కింద సంతకం ఎవరిది?"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నా చెయ్యి మీసం మీదికి పోయింది.

"నాదే. అయితే ఏంటమ్మా? మా ఆవిడకి పాకింగ్ ఫ్యాక్టరీలో పని దొరికింది. పిల్లని చూసే దిక్కులేదు. బళ్ళో ఐదు నిండితేగానీ చేర్చుకోరు. నాలుగేళ్ళదాన్ని ఐదన్నాను. మా వీధి వీధంతా అదే చేసింది. ఎవడి కొంప మునిగింది?"

"ఇదే ప్రమాణపత్రంలో రాద్దాం. ఆస్పత్రి పుట్టుకల రిజిస్టరు నకలు మీ చెల్లెలు పంపింది, అది మనకి బలం. కానీ తప్పు తేదీకి మూడుసార్లు సంతకం పెట్టానని మీరే ఒప్పుకుంటున్నారు. రేపు మీ ఫైలే తెరిచి మిమ్మల్నే పొమ్మనొచ్చు. ఆలోచించుకోండి. అమ్మాయి కూడా ఓ సంతకం పెట్టాలి."

చదువుకున్నవాడు చేస్తే పొరపాటు, నావంటివాడు చేస్తే నేరం. మెట్లు దిగుతూ అందర్నీ తిట్టుకున్నాను.

అసలు చిక్కు వేరే ఉంది. బళ్ళో నోరు జారుతుందని అప్పట్లో పిల్లకి ఈ సంగతి చెప్పలేదు. తర్వాత చెప్పే అవసరం రాలేదు. మర్నాడు మధ్యాహ్నం భోజనాల వేళ, సగం టైల్స్ పడిన బాత్‌రూములో బకెట్ బోర్లించుకుని కూర్చుని ఫోన్ చేశాను.

"నీకు పద్దెనిమిది కాదే, పదిహేడే."

"తాగావా నాన్నా?"

"పట్టపగలు ఎవడు తాగుతాడే! బళ్ళో వేసేటప్పుడు ఏడాది ఎక్కువ చెప్పాను."



"అంటే ఒకటో క్లాసులో నాకు నాలుగేళ్ళా?"

"ఆఁ."

"పెన్సిల్ పట్టుకోవడం రావట్లేదని రోజూ బెంచీ ఎక్కించేవారు. నువ్వేమో మొద్దుమొహం అని వీపు విమానం మోత మోగించేవాడివి."

"ఇప్పుడవన్నీ ఎందుకే?"

"నేను మొద్దుని కాదుగా నాన్నా. చిన్నపిల్లని."

పక్కనున్న తాపీ తీసుకుని నేల మీది సిమెంటు గీకుతూ కూర్చున్నాను.

"సంతకం పెడతాలే," అంది. "కానీ కొట్టిన సంగతి కూడా నీ కాయితంలో రాయించు."

ఫోన్ పెట్టేసింది. చేతిలో తాపీ ఉంది, గోడకేసి కొట్టాను.

"అన్నా, ఆ టైలు ఇప్పుడే అంటించాను!" అని బయటనుంచి బొంగురోడు అరిచాడు. వాణ్ణీ నాలుగు తిట్టాను. ఎవరిని తిట్టినా ఆ పూట నోట్లో చేదు పోలేదు.

మంగళవారం లాయరమ్మ టైపు చేస్తుంటే ఆ ముక్క చెప్పాను. చేతులు ఆపేసింది.

"కేసుకి అక్కర్లేదు బాబాయ్. చదివే ఆఫీసరుకి మీరు ఇంకా చెడ్డగా కనిపిస్తారు."

"కనపడనీ. వాడికి నేను పిల్లనిచ్చేదుందా? రాయమ్మా. వయసుకి మించిన క్లాసులో వేసి, రాలేదని కొట్టానని రాయి."

రాసింది. చదివి వినిపించింది. చివరి వాక్యం దగ్గర నేను కిటికీ వైపు తిరిగాను. సంతకం పెట్టాను. పిల్ల సంతకం ముందురోజే వచ్చి ఉంది. అన్నీ కలిపి నా ముందే పంపించి, రసీదు చేతికిచ్చింది.

"జవాబుకి ఏడాది పట్టినా పట్టొచ్చు."

"ఏడాదా! ఏడు నెలల్లో దానికి నిజంగానే నిండిపోతాయి కదమ్మా!"

"దరఖాస్తు చేరిన రోజు వయసే లెక్క. ఆస్పత్రి తేదీని నమ్మితే, ఇక అమ్మాయి పెరిగినా ఇబ్బంది లేదు."

పెరగడానికి సెలవిచ్చారన్నమాట. రసీదు మడిచి జేబులో పెట్టుకుని, నమస్కారమైనా పెట్టకుండా మెట్లు దిగాను.