వంపులూ పంపులూ

షాలిని ఇంట్లో ఇద్దరు మగవాళ్లున్నారు. ఇద్దరికీ నోళ్లున్నాయి, ఇద్దరికీ చెవులు శుభ్రంగా పనిచేస్తాయి. అయినా ఒకరి మాట ఒకరికి చేరాలంటే మధ్యలో షాలిని గొంతు ఉండి తీరాలి.

"మీ ఆయనకి సెప్పమ్మా, టీ సల్లారిపోతన్నాది," అంటాడు తండ్రి ఆదాము. ఆ 'మీ ఆయన' మూరెడు దూరంలో కుర్చీలోనే ఉంటాడు.

"నాకు సల్లగానే బాగుంటాదని మీ నాన్నకి సెప్పు," అంటాడు రాబర్ట్, పేపరు మీంచి కళ్లెత్తకుండా.

షాలిని చెప్పాలి. చెప్పకపోతే ఆ మాట అసలు పుట్టనట్టే ఇద్దరూ బిగుసుకుని కూర్చుంటారు.

దీనికంతటికీ మూలం ఒక చేపల కూర. ఐదేళ్ల కిందట నౌపడలో పెళ్లి విందు జరిగింది. ఆదాము వయసంతా అక్కడి ఉప్పు మడుల్లోనే గడిచింది. కాలవ నీళ్లు ఇంజనుతో మడుల్లోకి తోడడం ఆయన పని. ఊరంతా బంతిలో కూర్చుని ఉండగా కొత్త అల్లుడు ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, "కూరలో ఉప్పు కొంచెం ఎక్కువైందండీ," అన్నాడు. అన్నవాడికి అందులో తప్పేమీ కనబడలేదు. విన్నవాడికి మాత్రం అది బతుకంతటినీ పట్టుకుని అన్నట్టు తగిలింది. ఆదాము ఆ పూటే అల్లుడితో మాట మానేశాడు. పెద్దాయన ముందు పలకరించాలని రాబర్టూ, మాట అన్నవాడే ముందు రావాలని ఆదామూ అలా ఉండిపోయారు.

ఎవరి ఊళ్లో వాళ్లున్నంత కాలం ఈ మూగనోము షాలినికి పెద్ద భారం కాలేదు. క్రిస్మస్‌కీ ఈస్టరుకీ ఫోను పట్టుకుని ఇటు మాట అటు, అటు మాట ఇటు చెప్పేస్తే సరిపోయేది. ఈ ఏడు ఆదాముకి కంట్లో శుక్లం ముదిరింది. శ్రీకాకుళంలో ఆపరేషన్ చేయించి, డాక్టరు మళ్లీ చూసేదాకా కూతురు తన ఇంట్లోనే ఉంచుకుంది. నల్లకళ్లద్దాలు పెట్టుకోమన్నారు, తల దించి వంగొద్దన్నారు. మాట్లాడొద్దని మాత్రం ఎవరూ అనలేదు.

సరిగ్గా అప్పుడే రాబర్ట్‌కి చేపల తొట్టి పిచ్చి పట్టింది. అతను మందుల కంపెనీ ప్రతినిధి. పొద్దున్నే బయల్దేరి బొబ్బిలి, సాలూరు దాకా తిరిగి రాత్రికి ఇల్లు చేరతాడు. ఏ డాక్టరు వెయిటింగు గదిలోనో గాజు తొట్టెలో రంగుల సముద్రపు చేపల్ని చూశాడు. అంతే, వారం తిరక్కుండా ముందుగదిలో సగం ఆక్రమిస్తూ నాలుగడుగుల గాజు తొట్టి వచ్చి కూర్చుంది. దాని కింద అలమరలో ఇంకో చిన్న తొట్టి. పై తొట్టిలో నీళ్లు పొర్లి గొట్టంలోంచి కింది తొట్టిలోకి పడతాయట, అక్కడ వడపోత జరుగుతుందట. ఆ నీళ్లను మళ్లీ పైకెక్కించడానికి ఒక పంపు కావాలట. కింది తొట్టిని సంపు అనాలి, పంపుని రిటర్న్ పంపు అనాలి అని రాబర్ట్ భార్యకి నేర్పించాడు. సంపు అంటే ఇక్కడి నోళ్లలో 'చంపు' అని ఇంకో అర్థం ఉంది. తనకి ఆ అర్థమే సరిగ్గా సరిపోతుందని షాలినికి త్వరలోనే తెలిసొచ్చింది.

ఎందుకంటే అన్నీ వచ్చాయి, పంపు రాలేదు. ఏ పంపు కొనాలో రాబర్ట్ తేల్చుకోలేదు. రోజూ అన్నం తింటూ వీడియోలు చూస్తాడు. గంటకి మూడువేల లీటర్లదా, నాలుగువేలదా? వేగం తగ్గించుకునేదా, మామూలుదా? చివరికి రెండు చిన్న పంపులు పెడితే ఒకటి ఆగినా రెండోది నడుస్తుందని ఒక ఆలోచనకొచ్చాడు. వచ్చి, మళ్లీ వీడియోలు చూడడం మొదలుపెట్టాడు.

పంపు అనే మాట వినబడితే ఆదాము ఊరుకునే మనిషి కాదు.

"మోనోబ్లాక్ మోటారొకటి పడీమను. ముప్పయ్యేళ్లు ఉప్పునీళ్లు తోడినోణ్ని సెప్తన్నాను."

షాలిని బడి నుంచి వచ్చి చెప్పులు విడవకముందే ఈ వార్త. రాత్రి అది రాబర్ట్‌కి చేరవేసింది.

"ఇది ఉప్పుమడి కాదని సెప్పు. ఇనప సామాను ఉప్పునీళ్లలో పెడితే తుప్పు పట్టి సేపలు సచ్చిపోతాయి."

పొద్దున్న అది ఆదాముకి చేరింది.

"తుప్పు సంగతి నాకు సెప్తన్నాడా? అయితే హెడ్డు సూసుకోమను. హెడ్డు సూడకుండా పంపు కొన్నోడు ఏటి కొన్నట్టు?"

హెడ్డంటే నీళ్లు ఎంత ఎత్తుకి ఎక్కాలో ఆ కొలత అని షాలినికి ఎవరు చెప్పారు కనక? మూడో తరగతి పిల్లలకి ఎక్కాలు చెప్పుకునే మనిషి. విన్నది విన్నట్టు చెప్పింది.

"నాకు హెడ్డు లేదన్నాడా మీ నాన్న?" అని రాబర్ట్ కంచం ముందునించి లేచిపోయాడు.

ఒక రోజు కొరియరులో చేపల తొట్టికని ఉప్పు ప్యాకెట్టు వచ్చింది. ఇక ఆ రోజు గురించి చెప్పక్కర్లేదు. "నౌపడ అల్లుడు ఉప్పు కొన్నాడా! అదీ ప్యాకెట్టుది!" అని ఆదాము సాయంత్రం దాకా గొణుగుతూనే ఉన్నాడు. దానికి రాబర్ట్ ఇచ్చిన జవాబును షాలిని చేరవేయలేదు. అన్నీ చేరవేస్తే ఇల్లు నిలవదు.

పగలంతా అరవైమంది పిల్లల మీద అరుపులు, ఇంటికొస్తే ఈ రాయబారాలు. షాలినికి ఒళ్లు మండిపోయేది. మీ మాటలు మీరే ఏడవండి అనాలనిపించేది. అనడానికి కూడా గొంతులో ఓపిక మిగిలేది కాదు. వారం నుంచి ఆ గొంతు గరగరమంటోంది. గురువారం నాటికి సగం మాట, సగం గాలి.

ఆ రాత్రి రాబర్ట్ గొట్టం ఎలా పోవాలో గోడ మీద సుద్దతో గీశాడు. గొట్టం ఎవరికీ కనపడకూడదట. అలమర వెనక నుంచి స్తంభం చుట్టూ తిరిగి, కిటికీ కింద వంగి, మళ్లీ పైకి. అతను స్నానానికి వెళ్లగానే ఆదాము నల్లకళ్లద్దాలు పైకెత్తి గోడని చూశాడు.

"వంపులు తగ్గించమను. వంపు వంపుకీ నీళ్లకి బలం సచ్చిపోతాది. తిన్నగా పైకి లాగమను."

తల తుడుచుకుంటూ వచ్చిన రాబర్ట్‌కి షాలిని ఉన్న గొంతంతా కూడదీసుకుని చెప్పింది. "వంపులు తగ్గించమన్నాడు."

"పంపులు తగ్గించాలా? అనుకున్నవే రెండు కదే! ఆయనకి నా రెండు పంపులూ నచ్చలేదన్నమాట."

మళ్లీ చెబుదామని నోరు తెరిచింది. ఈలలాంటి గాలి తప్ప ఏమీ రాలేదు. ఏదో ఒకటి కానీ అన్నట్టు చెయ్యి విసిరి వెళ్లి పడుకుంది.

తెల్లారేసరికి గొంతు పూర్తిగా పోయింది. గొంతు డాక్టరు లోపలికి అద్దం పెట్టి చూసి, స్వరపేటిక మీద చిన్న చిన్న కాయలు లేచాయన్నాడు. పది రోజులు ఒక్క మాట మాట్లాడకూడదు. గుసగుసలూ వద్దు. పూటపూటా వేడినీళ్లలో ఉప్పు వేసి పుక్కిలించాలి. మాట వినకపోతే ఆపరేషనే, ఆ తర్వాత గొంతు మునుపట్లా వస్తుందని తాను మాట ఇవ్వలేనన్నాడు. బళ్లో హెడ్మిస్ట్రెస్ ఇంకా సూటిగా చెప్పింది. "గొంతు లేని టీచరుని పెట్టుకుని నానేటి సేసుకోనమ్మా? పది రోజులు సూస్తాను." పాఠాలు చెబుతున్నదీ, సంపాదిస్తున్నదీ అంతా ఆ గొంతుతోనే. అది పోతే తనేం కావాలో షాలినికి ఊహకందలేదు.

డాక్టరు మాటలు ఆదాముకి ఎవరు చెప్పాలి? రాబర్ట్ గోడవైపు తిరిగి, గోడకి చెవులున్నట్టు, అన్నీ గట్టిగా అప్పజెప్పాడు. ఆదాము గోడవైపే తిరిగి విన్నాడు.

ఇప్పుడైనా బుద్ధొస్తుందని షాలిని ఆశపడింది. ఎక్కడ? "నువ్వు మాట్లాడకమ్మా, సైగ సెయ్యి సాలు," అన్నాడు తండ్రి. "తలూపితే సాల్లే," అన్నాడు మొగుడు. గ్యాసు సిలిండరు ఎప్పుడొస్తుందో, కంటిచుక్కలు అయిపోయాయో లేదో, అన్నిటికీ ఆమె చేతులు తిప్పుతూ, కళ్లు తిప్పుతూ ఇద్దరి మధ్యా ఆడాల్సి వచ్చింది. ఈ గొడవలో వేడినీళ్లు పెట్టుకోవడం ఆమె మర్చిపోతే, పెట్టాలని వాళ్లకి తోచనే లేదు.

ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి పంపు వచ్చి ఉంది. రెండు చిన్నవి మానేసి, మావగారి మీద పంతం కొద్దీ రాబర్ట్ ఒక్కటే పెద్దది తెప్పించాడు. గోడ మీది గీత ఎలా ఉందో గొట్టం అలాగే అన్ని మలుపులూ తిరిగింది. అతను తొట్టి నిండా నీళ్లు పోసి, పంపు స్విచ్చేసి వచ్చి, స్టూలెక్కి గొట్టం చివర తొట్టిలోకి సరిగ్గా దించాడు.

"సూసావా షాలినీ, సప్పుడే లేదు," అన్నాడు. అది తనకి కాదని షాలినికి తెలుసు. స్విచ్‌బోర్డు పక్కన నిలబడ్డ ఆదాముకీ తెలుసు.

నిజంగానే చప్పుడు లేదు. ఉన్నట్టుండి టప్పుమంది. ఆఖరి వంపు దగ్గర అతుకు ఊడి, నీళ్లు సూటిగా రాబర్ట్ మొహం మీదికి చిమ్మాయి. రెండు చేతులతో ఆ ఊడినచోట అదిమి పట్టాడు. వదిలితే ఎదురుగా టీవీ.

"షాలినీ! స్విచ్చాపమని మీ నాన్నకి సెప్పు!"

"ఏ స్విచ్చో మీ ఆయన్నడుగు!"

షాలిని వంటింటి గుమ్మంలో ఉంది. ఏ స్విచ్చో ఆమెకి తెలుసు. నాలుగంగల్లో వెళ్లి ఆపెయ్యొచ్చు. ఒక అడుగు వేసింది కూడా. ఆ వేసిన అడుగు దగ్గరే ఆగిపోయింది. తడిసిపోనీ, మునిగిపోనీ, టీవీ కాలిపోయినా సరే అనుకుంది. ఐదేళ్లుగా కింద పడ్డ ప్రతి మాటనీ పైకెక్కించింది తనే. పంపు కోసం వారాల తరబడి వెతుకుతున్నారు, ఇంట్లో ఉన్నదాన్ని అరగ్గొట్టేశారు. చేతులు కట్టుకుని, పెదాలు బిగించి, గుమ్మానికి ఆనుకుని నిలబడింది.

ఆదాము ఒక స్విచ్చు నొక్కాడు. ఫ్యాను ఆగింది. ఇంకోటి నొక్కాడు. లైటు ఆరింది. నీళ్లు షాలిని పాదాల దాకా వచ్చాయి. ఆయన కూతురు మొహంకేసి చూశాడు.

"ఒరే రాబర్టూ! ఏ స్విచ్చిరా?"

"మూడోది మావయ్యా! మూడోది!"

"ఎట్నుంచి?"

"కుడి నుంచి!"

"నా కుడా, నీ కుడా?"

"మీదే మావయ్యా, మీదే!"

పంపు ఆగింది. ఏం జరిగిందో ఆ ఇద్దరికీ ఇంకా తట్టలేదు. ఊపిరి తీసుకోకుండా తిట్టుకోవడంలో ఉన్నారు.

"వంపులు తగ్గించమన్నానా లేదా?"

"పంపులు తగ్గించమన్నారంట! అందుకే కదా రెండు మానీసి ఈ దెయ్యాన్ని తెచ్చాను!"

"పంపులేట్రా! వంపులు! వంపులు!"

ఇద్దరూ ఒక్కసారి షాలిని వైపు తిరిగారు.

"సరిగ్గా సెప్పాల్సింది కదే," అన్నాడు రాబర్ట్.

"అదే కదా. ఒక్క ముక్క సరిగ్గా సెప్పుంటే," అన్నాడు ఆదాము.

ఐదేళ్ల తర్వాత మావా అల్లుళ్లు మొదటిసారి ఒక మాట మీదికి వచ్చారు. ఆ మాట తప్పంతా షాలినిదని. ఆమెకి కళ్లు బైర్లు కమ్మాయి. మింగినవీ, మోసినవీ, దాచినవీ అన్ని మాటలూ ఒక్కసారి గొంతులోకి తన్నుకొచ్చాయి. గుండెలనిండా గాలి పీల్చి నోరు తెరిచింది.

"మాట్లాడకు!"

ఇద్దరి నోటా ఒకటే మాట, ఒకటే క్షణంలో. రాబర్ట్ స్టూలు మీంచి దూకాడు. ఆదాము నీళ్లలో జారుతూ ముందుకొచ్చి, అరచెయ్యి ఆమె నోటికి అడ్డం పెట్టాడు.

"నోరిప్పకే నా తల్లీ. గొంతు పోతాది."

షాలిని నోరు మూసుకుంది. కళ్లలోంచి నీళ్లు మాత్రం కారిపోయాయి. కోపమో, అలుపో ఆమెకే తెలియలేదు. వెళ్లి మంచం మీద కాళ్లు పైకి పెట్టుకుని కూర్చుంది.

గోనెపట్టా తీయడానికి ఆదాము నడుం వంచబోయాడు.

"మావయ్యా, మీరు వంగకండి! కన్ను!" అని రాబర్ట్ ఆయన చేతిలోంచి పట్టా లాక్కున్నాడు. తనే మోకాళ్ల మీద కూర్చుని నేల ఒత్తడం మొదలుపెట్టాడు. ఆ మూల ఉంది, ఈ మూల ఉంది అని ఆదాము నిలబడి చూపించాడు. గొట్టం తిన్నగా లాగితే చిన్న పంపు సరిపోతుందా, సరిపోదా? ఇద్దరూ గట్టిగానే వాదించుకుంటున్నారు. మాటలు ఇటూ అటూ తిరుగుతున్నాయి. ఒక్కటీ షాలినిని అడ్డం పెట్టుకోలేదు.

"ఒరే, పంపు సంగతి తర్వాత సూద్దాం," అన్నాడు ఆదాము హఠాత్తుగా. "ముందు దానికి వేణ్ణీళ్లెట్టు. ఉప్పేసి పుక్కిలించమన్నాడు కదా డాక్టరు. మనం ఒక్కపూటైనా ఎట్టామేటి?"

రాబర్ట్ తలొంచుకుని వంటింట్లోకి వెళ్లాడు. పొయ్యి వెలిగించిన చప్పుడైంది. డబ్బా మూత తీసిన చప్పుడైంది. నౌపడ నుంచి ఆదాము ఏటేటా పంపే రాళ్లుప్పు డబ్బా అది.

"మావయ్యా," అని వంటింట్లోంచి గొంతు వినబడింది. "ఉప్పు ఎంతెయ్యాలి?"

ఆదాము నల్లకళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. మళ్లీ పెట్టుకున్నాడు.

"ఎయ్యి అల్లుడూ," అన్నాడు. "కొంచెం ఎక్కువైనా పర్లేదులే."