రొట్టెల కొట్టు గోడ మీద 'యే'

నా కూతురు తబిందాను ఖజిర్ మాస్టారు క్లాసు బయట నిలబెట్టాడు. కశ్మీరీ పరీక్షలో అది 'యే' అక్షరాన్ని నేను నేర్పినట్టు రాసింది. పక్క అక్షరంతో చెయ్యి కలిపి, కింద చిన్న సున్న చుట్టింది. పాఠ్యపుస్తకంలో ఆ అక్షరం తెగిపడి ఉంటుంది. అచ్చు వేసినవాళ్ల ఫాంటులో అది లేదు. కంప్యూటరు ఇంకెక్కడిదో తెచ్చి ఇరికించింది. అది ఇటూ అతకదు, అటూ అతకదు. సున్న ఊడిపోయిన గుండీలా పక్కన పడి ఉంటుంది. పిల్లలంతా దాన్ని అలాగే తుంచి రాస్తున్నారు. తుంచనిదానికి శిక్ష.

నేను ఆరో తరగతిలో బడి మానేసినవాణ్ణి. అలీకదల్ పేటలో దుకాణాలకు బోర్డులు రాసి బతికాను. ఫ్లెక్సులొచ్చి నా కుంచెను మింగేశాయి. కంప్యూటరు మీద నాకు కక్ష ఉంది, దాచడమెందుకు? కానీ అది నా కూతురి చేతిరాతలోకి కూడా వస్తే ఎలా ఊరుకుంటాను?

బడికి వెళ్లాను.

"పైనుంచి వచ్చిన పుస్తకం మజీద్. పెద్ద పరీక్ష దిద్దేవాళ్ల చేతిలోనూ ఇదే ఉంటుంది. అక్కడ ఈ పిల్ల మార్కులు పోతే తెచ్చిపెడతావా?" అన్నాడు ఖజిర్ మాస్టారు.

"పుస్తకం కుంటిదైతే పిల్లలంతా కుంటాలా మాస్టారూ?"

"బోర్డులు రాసుకునేవాడివి, నాకు పాఠం చెప్తావా?"

"చెప్పను. అది రాసింది తప్పని మీ నోటితో ఒక్కసారి అనండి, వెళ్లిపోతాను."

"తప్పని నేనన్నానా? పుస్తకంలో లేదన్నాను. ఉన్నట్టు రాసేదాకా బయటే."

మా అక్క కూతురు అఫ్రోజాకు ఫాంటులు చేయడం వచ్చు. కబురు పెడితే లాప్‌టాప్ చంకన పెట్టుకుని వచ్చింది. నేను రెల్లు కలంతో అక్షరం గీశాను, అది మిషన్లోకి ఎక్కించింది. సున్న చూసి నాకు ఒళ్లు మండింది.

"ఇది సున్నానా, ఆవగింజా?"

"నువ్వు గీసినంత పెద్దది పెడితే కింది వరుస నెత్తిన పడుతుంది మామా. ఇదిగో, చూడు."

పెట్టి చూపించింది. నిజంగానే నా సున్న వెళ్లి కింది అక్షరం మీద టోపీలా కూర్చుంది.

"బోర్డుకి కింది వరుస ఉండదు మామా. పేజీకి ఉంటుంది."

ఆవగింజే ఉంచాం. ఆ అక్షరం పక్కవాటితో చెయ్యి కలిపి నిలబడింది. మొదటి పాఠం మొత్తం ఆ ఫాంటులో అచ్చు తీసి మాస్టారికి చూపిస్తే, చదవకుండానే వెనక్కి తోశాడు.

సరే అనుకున్నాను. బడికి రాని పాఠం రొట్టెల కొట్టుకు వస్తుంది. పొద్దున్నే పేటంతా నిలబడేది రమ్‌జాన్ కాకా తందూరు ముందే కదా.

"నా గోడకి రాజకీయం అంటించకురా," అన్నాడు కాకా పిండి చేతులతో.

"రాజకీయం కాదు కాకా. 'యే'."

కాగితం పైన అల్లా పేరు రాశాను, నా కలంతో, పెద్దగా. కింద పాఠం. తీసుకెళ్లి గోడకు అంటించాను.

మర్నాడు ఖజిర్ మాస్టారు వచ్చాడు. పొడుగాటి ఫెరన్ అంగీ లోపల కాంగ్రి కుంపటి పెట్టుకుని వరుసలో నిలబడ్డవాడు గోడ చూశాడు. ముఖం మారింది. చింపడానికి చెయ్యెత్తాడు. పైన పేరు కనిపించింది. మా వైపు ఆ పేరున్న కాగితం ఎవరూ చింపరు. దారిలో పడి ఉంటే ముద్దు పెట్టుకుని గోడ సందులో దాస్తారు. ఎత్తిన చెయ్యి గాల్లోనే ఉండిపోయింది.

"ఏం మాస్టారూ, చెయ్యెత్తి అల్లాకి దువా చేస్తున్నారా?" అంది వెనక నిలబడ్డ ఒకావిడ. వరుసంతా నవ్వింది.

"ఇది దగా, మజీద్."

"అవును, దగానే. మీ పుస్తకం చేసింది ఏమిటి మరి?"

ఆయన నాతో మాట్లాడటం మానేసి, రొట్టెలు తీసుకుంటున్న తబిందా వైపు తిరిగాడు.

"ఏమ్మా, ఇవాళ పుస్తకంలో ఉన్నట్టు రాస్తావా, నిలబడతావా?"

రాస్తానంటే నేను దాన్ని ఏమీ అనగలిగేవాణ్ణి కాదు. పిల్ల, చలి, నలుగురి ముందు.

"నిలబడతాను సార్," అంది. "కానీ ఎండ పడేవైపు నిలబడనివ్వండి. నీడవైపు చలేస్తోంది."

మాస్టారు రొట్టెలు ఫెరన్ కింద దాచుకుని వెళ్లిపోయాడు.

ఆ రోజు అది ఎండ వైపే నిలబడింది. పిల్ల అక్కడ నిలబడి ఉండగా ఇంటికి వెళ్లి కూర్చోబుద్ధి కాలేదు. పాఠం అచ్చు తీసిన ఇంకో కాగితం మీద అల్లా పేరు రాసి, జిగురు డబ్బా తీసుకుని పక్క వంతెన దగ్గరి రొట్టెల కొట్టుకు బయల్దేరాను. ఈ ఊళ్లో రొట్టె కొనని మాస్టారెవడో నేనూ చూస్తాను.