కొట్టంలోని పసుపు గుర్తులు

ఇర్మెలా కారు వెనక ట్రాలీ తగిలించుకుని వచ్చి గెర్లిండె వాకిట్లో ఆగింది.

"కొట్టం తాళం తియ్యి. మా గుర్తులు పట్టుకుపోతాను," అంది ఇర్మెలా, పలకరింపు కూడా లేకుండా.

నిన్నమొన్నటిదాకా అవి మన గుర్తులు. రెండు చెక్కలు అడ్డంగా బిగించి పసుపు రంగు పూసిన నిలువెత్తు ఇంటూ గుర్తులు. ఏటి అవతల అణువిద్యుత్ కేంద్రం వద్దంటూ ఈ కొట్టంలోనే, గెర్లిండె భర్త కోసి ఇచ్చిన చెక్కలతో ఇద్దరూ కలిసి చేశారు. ప్రతి ఆదివారం భోజనాలయ్యాక ఊళ్ళో మరికొందరితో కలిసి కేంద్రం గేటు ముందు నిలబడేవారు. ఇర్మెలా ప్లమ్ పండ్ల కేకు తెచ్చేది, గెర్లిండె పెద్ద ఫ్లాస్కు నిండా కాఫీ. గుర్తు పాతేటప్పుడు గెర్లిండె సుత్తి పట్టేది. ఇర్మెలా రోడ్డు దాటి అవతల నిలబడి, "ఎడమకి ఒరిగిందే! ఇంకాస్త! ఆఁ, చాలు!" అని అరిచేది. అలా జుట్టు నెరిసిపోయింది ఇద్దరికీ.

చివరికి కేంద్రం మూతపడింది. ఆ రోజు గేటు ముందు చిందులేశారు కూడా. అసలు కష్టం ఆ తర్వాతే మొదలైంది. మూసెయ్యమని అరవడం ఒక ఎత్తు, ఆ లోటు పూడ్చడం ఇంకో ఎత్తు. కేంద్రం కట్టే పన్నుతో నడిచే ఈతకొలనుకు తాళం పడింది. కరెంటు బిల్లు చూస్తే కళ్ళు తిరుగుతున్నాయి. బొగ్గు రైళ్ళు మళ్ళీ ఊరి మీదుగా తిరుగుతున్నాయి. గాలిమరలు పెడదామంటే అడవిలో కదపకూడని ఎర్రగద్దల గూళ్ళున్నాయి, ఏటి ఒడ్డున గాలి చాలదు, ఇళ్ళ పక్కన చట్టం ఒప్పుకోదు. అందరి చూపూ తిరిగి తిరిగి గెర్లిండె బీట్‌దుంపల మిట్ట మీద పడింది. ఆ మిట్ట సరిగ్గా ఇర్మెలా వంటింటి కిటికీకి ఎదురుగా ఉంది.

మిట్టను గాలిమరలకు అద్దెకిస్తూ గెర్లిండె పోయిన వారమే సంతకం పెట్టేసింది.

"అద్దె బాగానే ముడుతుందటగా," అంది ఇర్మెలా, కొట్టంలో బూజు దులుపుతూ.

"అద్దె కోసమే అయితే నీ మొహం చూసి మానేసేదాన్ని. మాటిచ్చానే, ఇర్మెలా."

"ఎవరికి? ఆ రేడియోవాడికా?"

ఆ రేడియోవాడికే. ఒక ఆదివారం గేటు దగ్గరికొచ్చి, ఇది మూసేస్తే కరెంటు ఎక్కణ్ణుంచి వస్తుందమ్మా అని అడిగాడు. "అదిగో, మా మిట్ట మీంచి!" అని చెయ్యి చాపి చూపించింది గెర్లిండె.

"నువ్వే అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టావు," అంది ఇప్పుడు ఇర్మెలాతో.

"కొట్టాను. అప్పటి గాలిమర ఎంతుండేదే? ఇప్పుడు పెట్టేది మన చర్చి గోపురాన్ని మింగేస్తుంది. దాని నీడ రోజూ నా వంటింట్లో గిరగిరా తిరుగుతుంటే నేను బతకనా, చావనా?"

ఇర్మెలా చెప్పింది అబద్ధం కాదు. అదే గెర్లిండెను ఎక్కువ బాధపెట్టింది.

ఇర్మెలా ఒక గుర్తు ఎత్తబోయి నడుం పట్టుకుంది. "నువ్వుండవే, ఆ నడుంతో!" అని గెర్లిండె తనే ఒక్కొక్కటీ మోసి ట్రాలీలో పేర్చింది. తన మీదికే రాబోతున్న గుర్తులను జారిపోకుండా తాడేసి కట్టింది. ఇర్మెలా కారెక్కి వెళ్ళిపోయింది.

మర్నాటికి అవి గెర్లిండె ఇంటి ఎదురు కంచె పొడవునా వెలిశాయి.

ఆదివారం వచ్చింది. అలవాటు చొప్పున ఫ్లాస్కు నిండా కాఫీ కాచాకగానీ, తాగడానికి తనొక్కతేనని తట్టలేదు ఆమెకు. పారబొయ్యడానికి చేతులు రాక, ఫ్లాస్కు పట్టుకుని కేంద్రం గేటు దగ్గరికి నడిచింది. అక్కడ ఫోల్కర్ కుక్కను తిప్పుతున్నాడు. ఒకప్పుడు ఆ కేంద్రాన్ని నడిపినవాడు, ఇప్పుడు దాన్ని ముక్క ముక్కగా విప్పుతున్నాడు.

"ఈవేళ మీరొక్కరేనా, గెర్లిండె గారూ? మీ సేన ఏమైంది?"

"మా ఇంటిని ముట్టడించింది."

ఫోల్కర్ పకపకా నవ్వాడు. "పోయిన నెల పొగమంచు పట్టినప్పుడు చూశారా? పక్క జిల్లా గాలిమరలన్నీ దిష్టిబొమ్మల్లా నిలబడ్డాయి. అలాంటి రోజున దీపం ఎలా వెలుగుతుందండీ?"

"నాకు తెలీదు, ఫోల్కర్ గారూ."

"ఇన్నేళ్ళలో ఈ గేటు ముందు మీ నోట ఆ మాట వినలేదు."

ఆమె కప్పు అందించింది. అతను వాసన చూసి తలాడించాడు. "ప్రతి ఆదివారం ఈ వాసన పీల్చుకుంటూ డ్యూటీకి పోయేవాణ్ణి. ఒక్కసారైనా ఇవ్వలేదు మీరు." సగం తాగి, కుక్కను అదిలించి వెళ్ళిపోయాడు. అతనితో తనకు కలిసింది ఆ సగం కప్పు మేరకే.

ఆమె ఇంటికి చేరేసరికి గాలి లేచింది. కంచె దగ్గర ఒక గుర్తు బోర్లా పడి ఉంది. తిప్పి చూస్తే కింది చెక్క మీద వంకరగా దిగిన మేకు, తన భర్త దిగ్గొట్టినదే. పడి ఉంటే ఒక పీడ పోయిందనుకోవచ్చు. గెర్లిండె లోపలికి పోయి సుత్తి తెచ్చింది.

సగం కొట్టాక ఇర్మెలా కారు వచ్చింది. లోపల పాత ఆదివారం జట్టంతా ఉంది. కారు నెమ్మదించింది. అద్దం వెనక ఇర్మెలా గుర్తు వైపు చూసి, తలను ఒక్క క్షణం ఎడమకి వంచింది. అద్దం మాత్రం దిగలేదు.

గెర్లిండె ఇంకో రెండు దెబ్బలు వేసి తలెత్తింది. కారు మలుపు తిరిగిపోయింది. నిటారుగా ఉందో లేదో చెప్పేవాళ్ళు లేరు. తనే రోడ్డు దాటి అవతల నిలబడి చూసింది. ఇంకా ఒరిగే ఉంది. వెనక్కి వచ్చి ఒక దెబ్బ వేసి, సుత్తి పట్టుకుని మళ్ళీ రోడ్డు దాటింది.