మా పండగ కోడె

మెడకు తాడు వేసి కోడెను ఇద్దరు గార్డులు లాక్కుపోతున్నారు. అది కాళ్లు నేలకు తన్ని మొరాయించింది. మూడోవాడు వెనక నుంచి లాఠీతో ఒక్కటిచ్చాడు. కోడె అరిచిన అరుపుకు తేయాకు మొక్కల మధ్య వంగి ఉన్న ఆడవాళ్లంతా నడుములెత్తి చూశారు.

ముందు గుర్తుపట్టింది అబ్వోలి. వీపున ఆకు బుట్టతోనే మొక్కల్ని తోసుకుంటూ దారి మీదికి ఉరికింది.

"ఏయ్! ఆ కోడె మాది. ఎక్కడికి తోలుకుపోతున్నారు?"

"ఆఫీసు దొడ్డికి. కంపెనీ తేయాకు మేసింది."

అబ్వోలికి ముందు నవ్వొచ్చింది. ఆ వెంటనే ఒళ్లు మండింది. "పశువు తేయాకు మేస్తుందంట్రా? మీ తాతల కాలం నుంచీ ఎక్కడన్నా చూశావా? ఆ చేదు నోట్లో పెడితే ఊసేస్తుంది. అది తేయాకును మెయ్యదు. తేయాకే మమ్మల్ని మేస్తంది!"

వెనక ఆడవాళ్లు గొల్లున నవ్వారు. ఆ నవ్వు గార్డుకు గుచ్చుకుంది. లాఠీ ఎత్తి ఆమె బుట్ట మీద బాదాడు. పొద్దుట్నుంచి కోసిన ఆకంతా ఎర్రమట్టిలో చెల్లాచెదురైంది. కోడె తల వెనక్కి తిప్పి చూస్తూనే పోయింది.

అబ్వోలి అసలు పేరు కబగేన్యి. హాజరు పిలిచేటప్పుడు తప్ప ఆ పేరుతో ఆమెను ఎవరూ పిలవరు. మొగుడు పోయాక పదేళ్లుగా కంపెనీ ఇచ్చిన కూలీ లైన్లలో ఒక గదిలో పిల్లలతో ఉంటోంది. కిందటి క్రిస్మస్ ఆమె మనసులో ముల్లులా ఉండిపోయింది. పండగ దగ్గర పడితే రువెన్జోరి కొండల కింద మాంసం ధర కొండ మీదికెక్కి కూర్చుంటుంది. ఆ పండక్కి అబ్వోలి ఇంట్లో ఉడికింది చిక్కుడు గింజలే. మేస్త్రీ ఇంటి పొయ్యి మీంచి మాంసం వాసన వస్తుంటే, ఆమె చిన్న కూతురు ఆ వాసన నంజుకుని రాగిముద్ద మింగింది. తల్లికి ముద్ద దిగలేదు.

పండగ వెళ్లగానే ఆమె లైన్లన్నీ తిరిగింది. "ఎవరికి వాళ్లం కొనలేం. అందరం కలిస్తే కొనలేమా?" అని ఇంటింటా అడిగింది. ప్రతి జీతం రోజునా ఇంటికి గుప్పెడు చిల్లర వేశారు. ఈస్టర్ పోయాక సంతలో డొక్కలెండిన కోడె ఒకటి చవగ్గా దొరికింది. వంతులేసుకుని మేపారు. అరటి తొక్కలు, చిలగడదుంప తీగలు, రోడ్డు పక్క గడ్డి పెట్టారు. డిసెంబరు వచ్చేసరికి దాని మెడ రెండు చేతులకు అందనంత బలిసింది. దారిన పోయే గార్డులు కూడా దాని వీపు నిమిరి "పండక్కి మాకూ పిలుపుందా?" అని అడిగేవాళ్లు.

అలాంటి కోడెను పండగ వారం ఉందనగా పట్టుకుపోయారు.

ఆ సాయంత్రం ఆకు తూకం కాగానే లైన్ల జనం ఆఫీసు ముందు గుమిగూడారు. మేస్త్రీ కాలిసా టోపీ చేత పట్టుకుని మేనేజరు ముందు వంగాడు.

"అయ్యా, ఆడవాళ్లు. తెలియక..."

"తెలియక ఏంటి? తెలిసే పెంచుకున్నాం" అంది అబ్వోలి వెనక నుంచి.

మేనేజరు కళ్లజోడు సవరించుకున్నాడు. "లైన్లలో పశువుల్ని పెంచకూడదని రూలుంది. కోడెను కంపెనీ జప్తు చేసింది. మీ మీద కేసు పెట్టలేదు, సంతోషించండి." అంతలోనే గొంతులో తేనె పోసుకున్నాడు. "పండగ ముందు రోజు ఇక్కడ పెద్ద సభ ఉంది. కంపాలా నుంచి దొరలొస్తారు. మన తేయాకు కొనే విదేశీయులొస్తారు. కంపెనీ ఈసారి ప్రతి కుటుంబానికీ మాంసం పంచుతుంది. శుభ్రమైన బట్టలు కట్టుకురండి. కెమెరాలుంటాయి." గుంపులో ఉన్న ఒక పిల్ల వైపు తిరిగాడు. "పెర్పెటువా, చర్చిలో పాడే మీ జట్టు వచ్చి పాడాలి."

"ఏ మాంసం?" అంది అబ్వోలి.

మేనేజరు వెనక కిటికీలోంచి దొడ్డి కనిపిస్తోంది. దొడ్డిలో కోడె కట్టుకొయ్యకు మెడ రాసుకుంటోంది.

మర్నాడు ఆదివారం. నీళ్ల కుళాయి దగ్గర మీటింగు. బిందెలు నిండలేదు, మాటలు మాత్రం పొంగిపోయాయి.

"మాంసం మాంసమే" అన్నాడు బగోంజా తాత. ఆయన ముసలివాడైనా ఫ్యాక్టరీ బాయిలరుకు ఇంకా కట్టెలు మోస్తున్నాడు. "ఎవడి చేత్తో పెట్టినా గొంతు దిగుద్ది. పిల్లలు తింటారు. రోషం ఉడకేసుకుని తాగుతామా?"

"అవును తాతా, మాంసం దిగుద్ది" అంది అబ్వోలి. "దాంతోపాటు 'మీ దయ దొరా' అన్న మాట కూడా దించుకోవాలి. మన తొక్కలు, మన గడ్డి, మన చిల్లర. కోసేది వాడు, పంచేది వాడు, దండం పెట్టేది మనం! ఆ ఫోటో చూసి ఊళ్లో వాళ్లేమంటారు? ఎంత మంచి కంపెనీ, కూలీలకు మాంసం పెట్టింది అంటారు. ఇక ఎప్పుడన్నా కూలి పెంచమని నోరెత్తగలమా?"

"నీకేం తల్లీ, అంటావు" అన్నాడు కాలిసా. "పని పోతే గది పోద్ది. వానలో పిల్లల్ని ఏ గొడుగు కింద పెడతావ్?"

"గది చూపించి పది పండగలు మింగేశారు, మేస్త్రీ. ఇంకెన్ని మింగుతారు?" అని అరిచింది ఒకామె.

"పోనీ ఏం చేద్దామంటావ్? దొడ్డి గోడ దూకుతావా?"

అంతసేపూ మాట్లాడని పెర్పెటువా లేచింది. పాతికేళ్ల పిల్ల. కోత కోస్తూ పాడితే పక్క కొండ మీద వాళ్లు కూడా గొంతు కలిపేవాళ్లు. "గోడెందుకు దూకటం? పాడమని వాడే పిలిచాడుగా. గేటు వాడే తీస్తాడు. పాడుకుంటా లోపలికెళ్దాం. పాడుకుంటా దొడ్డి దాకా పోదాం. పాడుకుంటా మన కోడెను తోలుకొద్దాం. విదేశీయుల ముందు లాఠీ ఎత్తాలంటే వాడికీ సిగ్గుంటది."

బగోంజా తాత పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు.

"ఓసి నీ తెలివి తగలెయ్య! సరే, కోడెను నేను పట్టుకుంటా. జనాన్ని చూసి బెదిరితే మీ వల్ల కాదు. నేను కూడా పశువుల పాకలోనే పుట్టా. నాకోసం ఏ నక్షత్రమూ రాలేదనుకో."

పండగ ముందు రోజు గేటు బార్లా తీశారు. వేదిక మీద పూలు, తెల్ల బట్టల అతిథులు, మైకు ముందు మేనేజరు. "మేమంతా ఒకే కుటుంబం" అని అతను మొదలుపెడుతుండగా పాట వినిపించింది. పెర్పెటువా ముందు నడుస్తోంది. వెనక లైన్లు లైన్లే కదిలి వచ్చాయి. ఆడవాళ్లు ఉన్నంతలో మంచి బట్టలు కట్టుకున్నారు. మగవాళ్ల చేతుల్లో అరిటాకులున్నాయి. అతిథులు ముచ్చటపడి తాళం వేస్తూ చప్పట్లు కొట్టారు.

పాట వేదిక ముందు ఆగలేదు. సాగిపోయింది.

మేనేజరు నవ్వు మొహానే ఉండిపోయింది, కళ్లలో మాత్రం లేదు. గుంపు దొడ్డి చేరింది. బగోంజా తాత నాలుక మడిచి ఈల వేశాడు. కోడె చెవులు రిక్కించింది. కట్టు విప్పితే పిల్లిలా వెంట వచ్చింది.

గేటు దగ్గర ఆ గార్డే, ఆకు చిమ్మినవాడే, అడ్డం నిలబడ్డాడు. మేనేజరు వైపు ఒకసారి చూశాడు. అతను కళ్లతో సైగ చేశాడు. లాఠీ తాత భుజం మీద పడింది. ముసలాయన మోకాళ్ల మీద కూలాడు. తాడు మాత్రం వదల్లేదు.

పాట ఆగిపోయింది.

అబ్వోలి ఉరికి తాత చంకలో చెయ్యి వేసి లేపింది. పదేళ్లుగా మింగిన కోపం గొంతు దాకా వచ్చింది. "కొట్టరా! ఇంతమందినీ కొట్టు! నీ చెయ్యి ముందు అలిసిపోద్దో మేం అలిసిపోతామో చూద్దాం!" జనం ఒక్క అడుగు ముందుకేశారు. ఇంకొక్క అడుగు వేశారు. గార్డు వీపు గేటుకు తగిలింది. కెమెరాలు అతని వైపు తిరిగాయి. లాఠీ దించి పక్కకు తప్పుకున్నాడు.

"ఇది దొంగతనం!" అని మేనేజరు మైకులో అరిచాడు.

అబ్వోలి వెనక్కి తిరిగింది. "దొంగతనమే! ఎవడు ఎవడి సొమ్ము దోచాడో ఆ మైకులోనే చెప్పు!"

పండగ పొద్దున్నే లైన్ల వెనక కోడెను కోశారు. అరిటాకుల మీద ఇంటికో కుప్ప పెట్టారు. ఒక కుప్ప ఎక్కువ లేదు, ఒకటి తక్కువ లేదు. మేస్త్రీ భార్య దూరంగా తలవంచుకుని నిలబడి ఉంటే అబ్వోలే పిలిచి ఆకు చేతిలో పెట్టింది. "తీసుకో వదినా. మీ ఇంటి తొక్కలు కూడా తిన్నదది."

కుండలు ఉడుకుతుండగా పోలీసు జీపు వచ్చింది.

"కంపెనీ ఎద్దేది?"

"కడుపుల్లో వెతుక్కో" అంది ఎవరో ముసలమ్మ.

అబ్వోలిని, పెర్పెటువాని, కట్టు కట్టిన భుజంతో బగోంజా తాతను జీపెక్కించారు. చిన్న కూతురు గిన్నె పట్టుకుని జీపు వెంట పరిగెత్తింది. "అమ్మా, నువ్వు తినలేదు!" అబ్వోలి కూతురికి కన్నీళ్లు చూపించలేదు. "నువ్వు తిన్నావుగా. కడుపునిండా తిను" అంది.

రోడ్డు పక్క ఔట్‌పోస్టులో ఉన్నది ఒక్కటే గది. ముగ్గుర్నీ అందులోనే పడేశారు. పండగ సెలవులు అయిపోయిన పొద్దున అబ్వోలికి మెలకువ వచ్చేసరికి ఏదో తేడాగా అనిపించింది. ఫ్యాక్టరీకి పోయే ఆకు లారీలన్నీ ఆ రోడ్డు మీదే పోవాలి. గోడలు అదరాలి. ఎంతసేపు చూసినా ఒక్క లారీ రాలేదు. తలుపు అవతల ఇన్‌స్పెక్టరు ఫోన్లో "సార్, సార్" అంటూ చెమటలు తుడుచుకుంటున్నాడు.

కాసేపటికి వచ్చి తాళం తీశాడు.

"పొండి. కేసు లేదు. కోడె మీదేనని మేనేజరు ఒప్పుకున్నాడు. వెళ్లి మీ వాళ్లను పనిలోకి దిగమని చెప్పండి. రాత్రి వానకు ఆకు ముదిరిపోతందంట."

అబ్వోలి లేవలేదు. "మేం చెప్తే ఆపారా, మేం చెప్తే దిగటానికి? ఏమడుగుతున్నారు వాళ్లు?"

ఇన్‌స్పెక్టరు నసిగాడు. "కూలి పెంచాలంట. పశువులకు జాగా కావాలంట. ముసలాయన్ని కొట్టించినందుకు మేనేజరు లైన్లకు వచ్చి తప్పొప్పుకోవాలంట. ఆ మేస్త్రీ కాలిసా కూడా వాళ్లతోనే కూర్చున్నాడు."

"కాలిసానా!" అంది పెర్పెటువా.

బగోంజా తాత భుజం నొప్పి మరిచి నవ్వాడు. "మేనేజరు వచ్చేదాకా నేనైతే కదలను. ఇక్కడ కట్టెలు మోసే పని లేదు."

"అయితే ముందు అవన్నీ తేల్చమని చెప్పు" అంది అబ్వోలి ఇన్‌స్పెక్టరుతో. "మేమెక్కడికీ పారిపోంలే. తాతా, కాస్త జరుగు."

గోడకు ఆనుకుని కాళ్లు చాపుకుంది. తలుపు బార్లా తెరిచే ఉంది. ఇన్‌స్పెక్టరు తాళం చేతిలో పట్టుకుని ఏం చెయ్యాలో తెలియక గుమ్మంలోనే నిలబడ్డాడు.